చుక్క ఒంటరిగా నిలబడగలదా? తక్కువ రంగుల తెరలకు, ప్రింటర్లకు డిథరింగ్ ఎంచుకోవడం

ఒకసారి ఒక ముఖం ఫొటోను పూర్తిగా నలుపు, తెలుపు చుక్కలుగా మార్చి తెర మీద చూసుకుని మురిసిపోయాను. కనురెప్పల కింది మెత్తటి నీడ, చెంప మీద వెలుగు వంపు చక్కగా కుదిరాయి. అదే ఫైలును లేజర్ ప్రింటర్‌లో తీస్తే మసి పూసిన ముఖం బయటికి వచ్చింది. పక్కనే ఉన్న ఇంక్‌జెట్‌లో తీస్తే పరవాలేదనిపించింది. చిత్రం అదే, చుక్కలు అవే. ఉన్న కొద్ది రంగుల చుక్కలనే పక్కపక్కన పేర్చి, లేని ఛాయలు ఉన్నట్టు చూపించడాన్ని డిథరింగ్ అంటారు. తప్పు ఆ డిథరింగ్ పద్ధతిది కాదు, లేజర్ ప్రింటర్‌దీ కాదు. పొసగని ఆ రెండింటికీ ముడిపెట్టిన నాది.

ఈ పద్ధతులను పోల్చేవాళ్లు సాధారణంగా ఒకే ఫొటోను పది రకాలుగా మార్చి పక్కపక్కన పెడతారు. ఏది అందంగా ఉంటే అది తీసుకోమంటారు. ఆ పోలిక మనం ఆ క్షణాన చూస్తున్న తెరకు మాత్రమే చెల్లుతుంది. ఎంపికను తేల్చేవి నిజానికి రెండు ప్రశ్నలు. మీ పరికరం మీద ఒక్క చుక్క ఒంటరిగా, అనుకున్నంత పరిమాణంలోనే నిలబడగలదా? చుక్కలుగా మార్చిన తరువాత ఆ చిత్రం జోలికి ఇంకెవరైనా వస్తారా, అంటే దాన్ని కదిలించడం, కుదించడం, సైజు మార్చడం జరుగుతుందా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే సగానికి పైగా పద్ధతులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఇబ్బంది ఎక్కడ మొదలవుతుంది

మామూలు ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి 256 స్థాయిలు ఉంటాయి. మూడూ కలిస్తే కోటి అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు. కానీ చిత్రాన్ని చూపించే పరికరానికి అన్ని స్థాయిలు లేకపోవచ్చు. లేజర్ ప్రింటర్ ఒక చోట టోనర్ వేస్తుంది లేదా వేయదు, మధ్యస్థం లేదు. పుస్తకాలు చదువుకునే ఈ-పేపర్ తెరల్లో సాధారణంగా 16 బూడిద ఛాయలు ఉంటాయి. చిన్న పరికరాల రంగు తెరలు చాలావరకు పిక్సెల్‌కు 16 బిట్లతో నడుస్తాయి. వాటిలో ఎరుపుకు 32, నీలానికి 32, ఆకుపచ్చకు 64 స్థాయిలు, మొత్తం 65,536 రంగులు. ఆకుపచ్చకు ఒక బిట్ ఎక్కువ ఇచ్చింది మన కన్ను ఆ రంగులో తేడాలను బాగా పడుతుంది కనుక. అయితే అదే ఏర్పాటు వల్ల బూడిద రంగు మెల్లగా మారే చోట ఒక పట్టీ కొంచెం పచ్చగా, పక్క పట్టీ కొంచెం గులాబీగా కనిపించడం కూడా ఉంది.

స్థాయిలు తక్కువైతే ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది. పైగా మెట్టు అంచు దగ్గర ఉన్న తేడాను కన్ను ఇంకాస్త పెంచి చూపిస్తుంది. 1865లో ఎర్న్‌స్ట్ మాక్ వివరించిన ఈ భ్రమనే మాక్ పట్టీలు అంటారు. కొలిస్తే అతి చిన్న తేడా, చూస్తే గీత గీసినట్టు ఉంటుంది.

దీనికి విరుగుడు కూడా కంటిలోనే ఉంది. మంచి చూపు ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్న వివరాన్ని విడదీయలేదు. 30 సెంటీమీటర్ల దూరంలో అది దాదాపు 0.09 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్న నల్ల చుక్కలు, తెల్ల ఖాళీలు కలిసిపోయి బూడిద రంగుగా కనిపిస్తాయి. అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటర్‌లో చుక్క 0.042 మిల్లీమీటర్లు, కాబట్టి దాక్కుంటుంది. రసీదులు ముద్రించే థర్మల్ ప్రింటర్‌లో మిల్లీమీటరుకు 8 చుక్కలే, అంటే చుక్క 0.125 మిల్లీమీటర్లు. చేతిలో పట్టుకుని చూస్తే అది కనిపించి తీరుతుంది. ఏ పద్ధతి వాడినా మనం చేసే బేరం ఒక్కటే: సూక్ష్మ వివరాన్ని కొంత వదులుకుని ఛాయలు కొనుక్కుంటున్నాం. బేరం ఎవరి దగ్గర చేస్తామన్నదే తేడా.

ఎవరి స్వభావం ఏమిటి

అన్నిటికంటే మొరటైనది గీత గీయడం: సగం కంటే వెలుగు ఎక్కువైతే తెలుపు, తక్కువైతే నలుపు. ఫొటోలకు పనికిరాదు. కానీ అక్షరాలకు, బార్‌కోడ్‌కు, క్యూఆర్ కోడ్‌కు, గీతలతో వేసిన బొమ్మలకు ఇదే సరైనది. అక్కడ ఇంకేదైనా వాడితే అంచులు నలిగిపోతాయి. ఫొటో, అక్షరాలు కలిసి ఉన్న పేజీని మొత్తంగా డిథరింగ్ చేయడం నేను తరచుగా చూసే పొరపాటు. రెండింటినీ విడదీసి, ఫొటోను ఒక రకంగా, అక్షరాలను ఇంకో రకంగా మార్చి తరువాత అతికించాలి.

ఆ గీతను ప్రతి పిక్సెల్ దగ్గరా కాస్త అటూ ఇటూ కదిపితే పట్టీలు మాయమవుతాయని గమనించిన తొలి వాళ్లలో లారెన్స్ రాబర్ట్స్ ఒకరు. తక్కువ బిట్లతో చిత్రాన్ని పంపేటప్పుడు దానికి కావాలని రొద, అంటే పిక్సెల్ విలువల్లో చిన్న చిన్న యాదృచ్ఛిక తేడాలు, కలిపి, అవతల ఆ రొదను తీసివేసే పద్ధతిని ఆయన 1962లో ప్రచురించారు. రెండే స్థాయిలు ఉన్న చోట యాదృచ్ఛిక రొద ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. స్థాయిలు బోలెడన్ని ఉన్న చోట మాత్రం దానికి మించినది లేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆర్డర్డ్ డిథరింగ్‌లో ఆ గీత యాదృచ్ఛికంగా కాకుండా ఒక స్థిరమైన పట్టిక ప్రకారం మారుతుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1973లో ఇచ్చిన పట్టిక ఇప్పటికీ చెలామణిలో ఉంది. డిజిటల్ కెమెరాల సెన్సర్ మీద ఉండే రంగుల జల్లెడ కూడా ఆయన పేరు మీదే ఉంది, మనిషి ఆయనే. 4×4 పట్టికలో మొదటి వరుస 0, 8, 2, 10. రెండోది 12, 4, 14, 6. మూడోది 3, 11, 1, 9. నాలుగోది 15, 7, 13, 5. 0, 1, 2 అంటూ ఒకదాని తరువాత ఒకటి వచ్చే సంఖ్యలు వీలైనంత దూరంగా ఉండేలా పేర్చారని చూడగానే తెలుస్తుంది. దాంతో చుక్కలు ఒకదానికొకటి ఎడంగా పడతాయి. 4×4తో 17 ఛాయలు, 8×8తో 65 ఛాయలు వస్తాయి. ప్రతి పిక్సెల్ తన సంగతి తాను చూసుకుంటుంది, పక్కవాడిని అడగదు. అందుకే గ్రాఫిక్స్ చిప్ మీద లక్షల పిక్సెళ్లను ఒకేసారి తేల్చేయవచ్చు. లోపం ఏమిటంటే నేత బట్టలాంటి అల్లిక కంటికి తెలుస్తుంది. కొందరికి అది పాత కంప్యూటర్ ఆటలను గుర్తుచేసే అందం. నాకూ నచ్చుతుంది, కానీ మనిషి చర్మం మీద కాదు.

ఎర్రర్ డిఫ్యూజన్ తీరు వేరు. ఇది బాకీల లెక్క. 100 విలువ ఉన్న పిక్సెల్‌ను నలుపు చేశామంటే 100 మేర వెలుగును ఎగ్గొట్టాం. ఆ బాకీని ఇంకా తేల్చని పొరుగు పిక్సెళ్లకు పంచుతాం. రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ 1976లో ప్రచురించిన పంపకంలో కుడి పక్కకు పదహారింట ఏడు వంతులు, కింద ఎడమకు మూడు, సరిగ్గా కిందకు ఐదు, కింద కుడికి ఒకటి వెళ్తాయి. మన 100లో కుడివైపు 43.75, ఎడమ మూలకు 18.75, కిందకు 31.25, కుడి మూలకు 6.25. పైసా కూడా పోదు. అందుకే ఫొటోల్లో సన్నని వివరాలు, మెత్తటి ఛాయలు రెండూ బతుకుతాయి. అదే సంవత్సరం జార్విస్, జుడిస్, నింకే బాకీని 12 మంది పొరుగువారికి పంచారు. ఛాయలు ఇంకాస్త నునుపు, లెక్క ఇంకాస్త బరువు, చిన్న వివరాలు కొంచెం మందం. ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్‌కు కూడా దెయ్యాలు ఉన్నాయి. సగం వెలుగు ఉన్న చోట గళ్ల బట్టలా ఏర్పడి హఠాత్తుగా తెగిపోతుంది. చాలా లేత భాగాల్లో చుక్కలు పురుగుల్లా వరుస కడతాయి. ఒక వరుసను ఎడమ నుంచి కుడికి, తరువాతి వరుసను కుడి నుంచి ఎడమకు నడిపిస్తే ఈ బెడద చాలా తగ్గుతుంది. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ఎంపిక ఉంటే ఆలోచించకుండా పెట్టుకోండి.

ఆట్కిన్సన్ పద్ధతి గురించి విడిగా చెప్పాలి. 1984లో వచ్చిన తొలి మాకింటాష్ తెర 512×342 పిక్సెళ్లు, నలుపు తెలుపు మాత్రమే. దాని బొమ్మల సాఫ్ట్‌వేర్ రాసిన బిల్ ఆట్కిన్సన్ బాకీలో ఎనిమిదింట ఆరు వంతులే ఆరుగురు పొరుగువారికి పంచి, మిగతా పావు రద్దు చేశారు. లెక్క ప్రకారం ఇది అన్యాయం. చాలా లేత భాగాలు పూర్తిగా తెల్లబడతాయి, చాలా ముదురు భాగాలు పూర్తిగా నల్లబడతాయి. కానీ చిన్న, ముతక తెర మీద ఆ పోయిన పావే మేలు చేస్తుంది. ముఖం చుట్టూ తెల్లని ఖాళీ శుభ్రంగా ఉంటుంది, చుక్కల గందరగోళం తగ్గుతుంది, కళ్లూ ముక్కూ తేలి కనిపిస్తాయి. రెండు వందల పిక్సెళ్ల వెడల్పు చిత్రానికి ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ కంటే దీన్నే ముందు ప్రయత్నిస్తాను.

బ్లూ నాయిస్ పట్టిక ఈ రెండు వంశాలకూ మధ్యవర్తి. రాబర్ట్ యూలిక్నీ 1987లో ఈ ఆలోచనను వివరంగా రాసి, 1993లో అలాంటి పట్టికను తయారుచేసే విధానాన్ని ప్రచురించారు. చుక్కలు క్రమం లేకుండా ఉంటాయి, కానీ ఎక్కడా గుంపు కట్టవు, ఎక్కడా పెద్ద ఖాళీ వదలవు. మిగిలే రొద అంతా మన కన్ను సరిగా పట్టలేని సన్నని రొదే. పట్టికను ఒకసారి తయారుచేసుకుంటే చాలు, వాడటం బేయర్ పట్టిక వాడినంత సులువు, అంత వేగం. 64×64 పట్టిక సరిపోతుంది. ఎర్రర్ డిఫ్యూజన్ అంత పదును రాదు, అల్లిక మాత్రం కనిపించదు. ఎందుకో దీన్ని చాలామంది తలచుకోరు.

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ, మొరటు గీతను మినహాయిస్తే, చుక్కలను చెదరగొడతాయి. క్లస్టర్డ్ డాట్ లేదా హాఫ్‌టోన్ దీనికి పూర్తిగా తలకిందులు. పక్కపక్క చుక్కలను ఒక గుత్తిగా పేర్చి, ముదురు ఛాయకు గుత్తిని పెద్దది, లేత ఛాయకు చిన్నది చేస్తుంది. 19వ శతాబ్దం చివర్లో పత్రికల్లో ఫొటోలు అచ్చుకావడానికి దారి వేసింది ఇదే. జర్మనీలో జార్జ్ మైసెన్‌బాక్ 1882లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. చూడటానికి ముతక, వివరం తక్కువ. మరి ఇంతకాలం ఎందుకు బతికింది?

లేజర్, ఆఫ్‌సెట్: గుత్తులే గట్టివి

ఎందుకంటే ఆ యంత్రాల మీద ఒంటరి చుక్కను నమ్మలేం. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడి విద్యుదావేశంతో అతుక్కుంటుంది. ఒక్క పిక్సెల్ పరిమాణంలో ఉన్న ఆవేశం ఒకసారి పొడిని పట్టుకోకపోవచ్చు, మరోసారి చుట్టుపక్కల పొడిని కూడా లాక్కోవచ్చు. నల్లని చోట మధ్యలో వదిలిన ఒంటరి తెల్ల పిక్సెల్ అయితే తరచుగా పూడిపోతుంది. ఆఫ్‌సెట్ ముద్రణలోనూ సిరా కాగితం మీద కాస్త పాకుతుంది. దీన్ని డాట్ గెయిన్ అంటారు. చుక్క అంచు చుట్టూ జరిగే పాకుడు ఇది, కాబట్టి అంచుల పొడవు ఎంత ఎక్కువైతే నల్లబడటం అంత ఎక్కువ. విడివిడిగా ఉన్న 16 చుక్కలకు ఉండే మొత్తం అంచు, వాటినే ఒక 4×4 గుత్తిగా కూర్చితే నాలుగో వంతుకు పడిపోతుంది. నా ఫొటోలో ముఖానికి మసి పూసింది ఈ అంచులే.

ఇక్కడ బేరం అంకెల్లో చూసుకోవచ్చు. అంగుళానికి 600 చుక్కల ప్రింటర్ మీద ఒక్కో గుత్తికి 8×8 చుక్కల గడి పెట్టుకుంటే అంగుళానికి 75 గుత్తుల వరుసలు, 65 ఛాయలు. గడిని 4×4కు తగ్గిస్తే వరుసలు 150 అవుతాయి, ఛాయలు 17కు పడిపోతాయి. 16×16కు పెంచితే 257 ఛాయలు వస్తాయి కానీ వరుసలు 37.5 మాత్రమే, గుత్తులు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. ఫొటోలకు 8×8 దగ్గర ఆగడం మంచిది. వార్తాపత్రికలు సుమారు 85 వరుసలతో, నునుపైన కాగితం మీద పత్రికలు 133 నుంచి 150 వరుసలతో అచ్చవుతాయి. ఆఫ్‌సెట్‌లో అచ్చు వేసే ప్లేటు మీద అంగుళానికి 2400 చుక్కలు పడతాయి కాబట్టి 150 వరుసలు పెట్టినా 16×16 గడి దొరుకుతుంది. ఖరీదైన యంత్రం కొనిపెట్టేది ఇదే, బేరంలో నష్టపోనవసరం లేకపోవడం.

రంగుల ముద్రణలో నాలుగు సిరాల గుత్తులు ఒకదాని మీద ఒకటి పడి అలల్లాంటి మోయిరే ఆకృతులు వస్తాయి. అందుకే ఒక్కో సిరా వరుసలను ఒక్కో కోణంలో తిప్పుతారు: నలుపు 45 డిగ్రీలు, మెజెంటా 75, సయాన్ 15, పసుపు 0. నలుపుకే 45 ఎందుకంటే వాలు గీతలను కన్ను నిలువు, అడ్డ గీతలంత బాగా పట్టదు. ఎక్కువగా కనిపించే సిరాను తక్కువగా కనిపించే కోణంలో పెట్టారు. పసుపు ఎలాగూ కంటికి ఆనదు కనుక మిగిలిన కోణం దానికి దక్కింది. అచ్చైన ఫొటోను స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేస్తే ఈ ఏర్పాటంతా చెడిపోతుంది. పాత గుత్తులు, కొత్త గుత్తులు కొట్టుకుంటాయి. అసలు ఫొటో దొరికే అవకాశం ఉంటే వెతకండి.

గుత్తుల పరిమాణం మార్చకుండా సన్నని చుక్కల సంఖ్యను మాత్రమే మార్చే స్టొకాస్టిక్ స్క్రీనింగ్ కూడా ఆఫ్‌సెట్‌లో ఉంది. వరుసలే ఉండవు కనుక మోయిరే ఉండదు, చీరల నేత, వల, జుట్టు వంటి సన్నని అల్లికలు బాగా వస్తాయి. ప్రతిఫలంగా డాట్ గెయిన్ ఎక్కువ, ప్లేటు దగ్గర నుంచి ముద్రణ దాకా అదుపు కచ్చితంగా ఉండాలి, పెద్ద ఏకరంగు భాగాల్లో గరుకు కనిపించే ప్రమాదం ఉంది. ముద్రించేవారికి అలవాటు లేకపోతే పట్టుబట్టకండి.

ఇంక్‌జెట్: చేతులు కట్టుకుని కూర్చోండి

ఇంక్‌జెట్ మీద చుక్క నిలబడుతుంది, ముఖ్యంగా పూత ఉన్న ఫొటో కాగితం మీద. కాబట్టి చెదరగొట్టే పద్ధతులు ఇక్కడ బాగా పనిచేస్తాయి. కానీ ఆ పనిని ప్రింటర్ డ్రైవర్‌కే, అంటే ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కే, వదిలేయాలి. బొట్టు పరిమాణాలు ఎన్ని, లేత సయాన్, లేత మెజెంటా సిరాలు ఉన్నాయా, ఈ కాగితం ఎంత పీల్చుకుంటుంది అన్నవి దానికి తెలుసు, మనకు తెలియవు. డిథరింగ్ చేసిన చిత్రాన్ని పంపితే డ్రైవర్ దాన్ని తన సైజుకు మార్చి మళ్లీ డిథరింగ్ చేస్తుంది, అలలు పుట్టుకొస్తాయి. పూర్తి ఛాయలున్న ఫొటోను పంపి, కాగితం రకాన్ని సరిగ్గా ఎంచుకోండి. ఫొటో పేపర్ మీద మామూలు కాగితం అని పెట్టడం కంటే పెద్ద తప్పు ఇక్కడ ఏమీ లేదు.

థర్మల్ ప్రింటర్

58 మిల్లీమీటర్ల కాగితం మీద అచ్చు పడే వెడల్పు సాధారణంగా 48 మిల్లీమీటర్లు, అంటే 384 చుక్కలు. చిత్రాన్ని ముందు సరిగ్గా 384 పిక్సెళ్ల వెడల్పుకు తెచ్చి, కాంట్రాస్ట్ పెంచి, అంచులకు పదును పెట్టి, అప్పుడు ఆట్కిన్సన్‌తో మార్చండి. వేడెక్కిన ప్రింటర్ తల (హెడ్) ముదురు భాగాలను ఇంకా ముదురు చేస్తుంది కనుక తెల్లని ఖాళీలు ఎక్కువగా వదిలే పద్ధతికే నా ఓటు. అది కూడా పూడిపోతుంటే 2×2 చుక్కలను ఒక చుక్కగా లెక్కవేసి 192 వెడల్పుకు దిగండి. వివరం సగానికి తగ్గుతుంది కానీ ముఖం గుర్తుపట్టవచ్చు.

ఈ-పేపర్: తీరని బాకీల ఊరు

ఈ-పేపర్ మీద చుక్క శుభ్రంగా నిలుస్తుంది, చిత్రం కదలదు, ఒక్కసారి గీస్తే అలాగే ఉంటుంది. ఎర్రర్ డిఫ్యూజన్‌కు ఇంతకంటే మంచి ఇల్లు లేదు. 16 బూడిద ఛాయల తెర మీద ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ ఇచ్చే ఫొటో కాగితం మీది ఫొటోకు దగ్గరగా ఉంటుంది.

చిక్కు రంగుల దగ్గర వస్తుంది. నలుపు, తెలుపు, ఎరుపు మాత్రమే ఉన్న తెర మీద నీలి ఆకాశాన్ని చూపించాలనుకోండి. ఈ మూడింటిని ఎలా కలిపినా నీలం రాదు. ప్రతి పిక్సెల్ దగ్గరా నీలం బాకీ మిగులుతుంది, పక్కకు వెళ్తుంది, అక్కడా తీరదు, పెరుగుతూ పోతుంది. చివరికి ఆకాశం అంచున ఉన్న కొండ మీదకో చెట్టు మీదకో ఆ బాకీ అంతా ఒక్కసారిగా విరుచుకుపడి, సంబంధం లేని మరకలు వేస్తుంది. ఒక గోడ ఫ్రేముకు చిత్రాలు తయారుచేస్తూ ఈ మరకలకు కారణం పట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. నా కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నాను. తప్పు కోడ్‌లో లేదు, తీర్చలేని అప్పు ఇవ్వడంలో ఉంది. రెండు జాగ్రత్తలు తీసుకుంటే సరిపోతుంది. చిత్రం రంగులను ముందుగానే తెర చూపించగల పరిధిలోకి కుదించాలి. పోగయ్యే బాకీకి ఒక పరిమితి పెట్టాలి, దాటితే రద్దు చేయాలి.

ఇంకొకటి. ఈ తెరల ఎరుపు అసలైన మెరిసే ఎరుపు కాదు, తెలుపు కూడా కాస్త బూడిదే. ప్యాలెట్‌లో, అంటే వాడుకోదగ్గ రంగుల జాబితాలో, ఆదర్శ రంగుల విలువలు రాసుకుంటే లెక్కంతా అబద్ధం మీద నడుస్తుంది. తెరను వెలుగులో పెట్టి కొలిచిన విలువలు, కనీసం తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో తీసి అంచనా వేసిన విలువలు పెట్టండి. పద్ధతి మార్చడం కంటే ఈ ఒక్క మార్పు ఎక్కువ మేలు చేస్తుంది.

మెరిసే తెరలు, కదిలే చిత్రాలు

ఎల్‌సీడీ తెరల్లో కాలాన్ని కూడా ఖర్చు పెట్టవచ్చు. ఒక పిక్సెల్‌ను కొన్ని ఫ్రేముల్లో ఒక స్థాయి, కొన్ని ఫ్రేముల్లో పై స్థాయి చూపిస్తే కన్ను సగటును చూస్తుంది. 6 బిట్ల తెరకు రంగుకు 64 స్థాయిలే ఉన్నా, నాలుగు ఫ్రేముల వరసతో వాటి మధ్య ఉన్న 63 ఎడాలను నాలుగేసి ముక్కలు చేస్తే 253 స్థాయిలు వస్తాయి. మూడు రంగులకూ 253ను 253తో, మళ్లీ 253తో గుణిస్తే 1,61,94,277. కొన్ని మానిటర్ల మీద కనిపించిన 1.62 కోట్ల రంగులు అన్న వింత అంకె పుట్టింది ఇక్కడే. మానిటర్ కొనేటప్పుడు ఆ అంకె చూస్తే లోపల ఉన్నది 6 బిట్లే అని అర్థం. రోజువారీ పనికి దీనితో ఇబ్బంది లేదు. ఫొటోల రంగులు సరిదిద్దే పనికైతే తీసుకోవద్దు. కొందరికి ఈ సన్నని మినుకు కళ్లకు శ్రమగా ఉంటుంది కూడా.

8 బిట్ల తెర మీద కూడా పట్టీలు వస్తాయి. 1920 పిక్సెళ్ల వెడల్పున 20 నుంచి 60 వరకు మెల్లగా మారే ముదురు నేపథ్యం ఉందంటే, 40 మెట్లు, ఒక్కో మెట్టు 48 పిక్సెళ్లు. చీకట్లో అవి స్పష్టంగా తెలుస్తాయి. ఇక్కడ ఎర్రర్ డిఫ్యూజన్ అవసరం లేదు. 8 బిట్లకు కుదించే ముందు ఒక స్థాయి అంత చిన్న రొద కలిపితే చాలు, పట్టీలు పోతాయి, రొద కనిపించదు. రాబర్ట్స్ ఆలోచనకు తగిన చోటు ఇది.

కదిలే చిత్రాలకు ఎర్రర్ డిఫ్యూజన్ వద్దు. ఒక మూలలో ఒక్క పిక్సెల్ మారితే బాకీల గొలుసు మొత్తం మారి, కదలని నేపథ్యం కూడా చీమల పుట్టలా కదులుతుంది. బేయర్ గానీ బ్లూ నాయిస్ గానీ వాడితే మారని చోట చుక్కలు మారవు. గిఫ్ యానిమేషన్‌లో దీనికి ఇంకో లాభం ఉంది. 1987 నుంచి ఉన్న ఆ ఫార్మాట్‌కు ఒక ఫ్రేములో 256 రంగులే, కుదింపు మళ్లీ మళ్లీ వచ్చే వరుసల మీద ఆధారపడుతుంది. బేయర్ అల్లిక మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఫైలు చిన్నదవుతుంది. ఎర్రర్ డిఫ్యూజన్ చుక్కలకు ఆ క్రమం లేక ఫైలు ఉబ్బుతుంది. ఏకరంగు భాగాలున్న బొమ్మలకు, లోగోలకు అసలు డిథరింగే తీసేయండి. ముందు ప్యాలెట్‌ను ఆ చిత్రం నుంచే తయారుచేయించండి. పాల్ హెక్‌బర్ట్ 1982లో ఇచ్చిన మీడియన్ కట్, దాని తరువాతి పద్ధతులు ఈ పని చేస్తాయి. ప్యాలెట్ బాగుంటే డిథరింగ్‌కు పెద్దగా పని మిగలదు.

డిథరింగ్ చేసిన చిత్రాన్ని జేపెగ్‌గా దాచడం రెండు విధాలా నష్టం. చుక్కలు మసకబారతాయి, ఫైలూ పెరుగుతుంది. పీఎన్‌జీ వాడండి. సైజు మార్చడం డిథరింగ్‌కు ముందే జరగాలి. తరువాత తప్పనిసరైతే పూర్ణ సంఖ్య రెట్లు మాత్రమే, అదీ పిక్సెళ్లను కలపకుండా పెంచండి.

అందరూ దాటవేసే లెక్క

ఫైలులో ఉన్న 128 సగం వెలుగు కాదు. తెరలకు మామూలుగా వాడే రంగుల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ చిత్రంలో 128 అంటే తెర ఇవ్వగల వెలుగులో సుమారు 22 శాతం. సగం పిక్సెళ్లు తెలుపు, సగం నలుపు వేస్తే వచ్చే వెలుగు మాత్రం నిజంగా సగం, అది 188 విలువకు సమానం. ఈ తేడా పట్టించుకోకుండా డిథరింగ్ చేస్తే మధ్య ఛాయలన్నీ వెలిసిపోతాయి. విలువలను ముందు నిజమైన వెలుగు లెక్కలోకి మార్చి, అక్కడ బాకీలు పంచాలి. రెండు స్థాయిల తెర మీద ఈ తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది, 64 స్థాయిల మీద దాదాపు తెలియదు. కాగితం మీద కథ ఎదురు తిరుగుతుంది. డాట్ గెయిన్ నల్లబరుస్తుంది, తప్పు లెక్క తెల్లబరుస్తుంది, రెండు తప్పులూ కొంతవరకు ఒకదాన్ని ఒకటి కప్పిపుచ్చుతాయి. లెక్క సరిదిద్దగానే నా అచ్చు ఇంకా నల్లబడింది అని ఎవరైనా వాపోతే ఆశ్చర్యపోకండి. అప్పుడు డాట్ గెయిన్‌కు కూడా విడిగా సవరణ పెట్టాలి.

మీ పరికరం ఏ కోవలోకి వస్తుందో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. ఒకే కాగితం మీద నాలుగు గళ్ల చతురస్రాలు పక్కపక్కన వేయండి. మొదటి దానిలో గడి వెడల్పు 1 పిక్సెల్, తరువాతి వాటిలో 2, 4, 8. నాలుగింటిలోనూ నలుపు సరిగ్గా సగమే. సైజు మార్చే ఎంపికలన్నీ ఆపేసి, పరికరం అసలు రిజల్యూషన్‌లోనే అచ్చు తీసి, గడులు కలిసిపోయేంత దూరం నుంచి చూడండి. నాలుగూ ఒకే బూడిద రంగులో ఉంటే ఏ పద్ధతైనా వాడుకోవచ్చు, ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్‌తో మొదలుపెట్టండి. 1 పిక్సెల్ చతురస్రం మాత్రమే ముదురుగా ఉంటే చుక్కను 2×2కు పెంచండి. 4 పిక్సెళ్ల గడి దగ్గరికి వచ్చేదాకా ఛాయ మారుతూనే ఉంటే అది గుత్తుల యంత్రం, హాఫ్‌టోన్‌కే వెళ్లండి. నా లేజర్ ప్రింటర్ మీద మొదటి చతురస్రం దాదాపు నల్లగా వచ్చింది, అది కూడా ఒక పక్కన ముదురుగా, ఇంకో పక్కన లేతగా.